ఎందుకు అని అడక్కుండా అడగడం
(రేడియో ప్రసంగ పాఠం)

సెలవు రోజు పొద్దున్నే వంటింట్లో పోపు వేస్తూనో, కారు నడుపుతూనో ఈ మాటలు వింటున్న మీ అందరికీ ఓ పావుగంట కబుర్లు చెప్పమని మన రేడియో మిత్రులు అడిగారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను రచయితని కాను, మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణీ కాను. దోహాలో క్వాంటిటీ సర్వేయర్‌గా పనిచేస్తాను. ఒక బిల్డింగుకి సిమెంటు ఎంత, ఇనుము ఎంత, కూలి ఎంత అని లెక్కలు కట్టడం నా ఉద్యోగం. అయితే గత ఏడెనిమిదేళ్ళుగా శుక్రవారాలు ఒక చిన్న రికార్డరు పట్టుకుని మన తెలుగువాళ్ళ జీవిత కథలు రికార్డు చేయడం అలవాటైంది. మనిషి తన బతుకుకి తానే ఏం అర్థం చెప్పుకుంటాడు, దాన్ని మనం ఎలా అడిగి తెలుసుకోవాలి అన్నదే ఈ రోజు విషయం. ఇది నేను బాగా చేసిన పని కాబట్టి చెప్పడం లేదు. మా నాన్న దగ్గర ఘోరంగా తప్పాను కాబట్టి చెబుతున్నాను.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లెటూరు. మేం నాన్నని బాపు అంటాం. బాపు 1993లో షట్టరింగ్ కార్పెంటర్‌గా దోహా వచ్చాడు. 2009లో తిరిగి ఊరికి వెళ్ళిపోయాడు. పదహారేళ్ళలో నేను ఆయన్ని చూసింది అన్ని సెలవులూ కలిపితే ఒక ఏడాది ఉంటుందేమో. ఫోన్లు ఖరీదైన ఆ రోజుల్లో, ఊరికి వచ్చేవాళ్ళ చేత కేసెట్ పంపేవాడు. మా ఇంటి టేప్‌రికార్డర్ చుట్టూ అందరం కూర్చుని వినేవాళ్ళం. "నేను మంచిగున్న, మీరు మంచిగుండుండ్రి" అని మొదలయ్యేది. అందులో రెండు కేసెట్ల మీద నేనే తర్వాత సినిమా పాటలు రికార్డు చేసుకున్నాను. అప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడు ఆ గొంతు లేదు, పాటలున్నాయి.

మొన్నటి చలికాలం బాపుని విజిట్ వీసా మీద ఇక్కడికి తీసుకొచ్చాను. ఒక సాయంత్రం కోర్నిష్ మీద నడుస్తుంటే, రికార్డరు ఆన్ చేసి, బాగా ఆలోచించి పెట్టుకున్న ప్రశ్న అడిగాను. "బాపూ, నువ్వు కష్టపడ్డ ఈ ఊరు ఇప్పుడిట్ల చూస్తాంటే నీకేమనిపిస్తాంది? నీ జీవితానికి దీని అర్థం ఏంది?" ఆయన నన్నొకసారి, సముద్రాన్నొకసారి చూశాడు. "ఏమనిపిస్తది? గాలి కొడ్తాంది. పోదాం పా" అన్నాడు. ఇంటర్వ్యూ అయిపోయింది.

నవ్వొచ్చినా ఆ జవాబులో తప్పేం లేదు. తప్పంతా ప్రశ్నలో ఉంది. "మీ జీవితానికి అర్థం ఏమిటి" అని అడిగితే మనలో ఎవరైనా చెప్పగలరా? అది జేబులో పెట్టుకు తిరిగే వస్తువు కాదు కదా.

ఇంకో తప్పు, నేను చాలాకాలం చేసింది, "ఎందుకు" అన్న మాటతో మొదలుపెట్టడం. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు రూముల్లో శుక్రవారం మధ్యాహ్నాలు కూర్చుని "గల్ఫ్‌కి ఎందుకొచ్చారన్నా?" అని అడిగేవాణ్ణి. "పైసల కోసం" అనేవాళ్ళు. అప్పు, చెల్లె పెండ్లి, ఇల్లు. ఇరవై ముప్ఫై రికార్డింగుల్లో అదే జవాబు. అబద్ధం కాదు, కానీ అక్కడితో తలుపు మూసుకుపోయేది. ఆలోచిస్తే మన భాషలో "ఎందుకు" అన్న మాటే నిలదీసినట్టు ఉంటుంది. "ఎందుకొచ్చావ్?", "ఎందుకు చేశావ్?" అని చిన్నప్పటినుంచీ మనం విన్నది తిట్లలోనే కదా. ఎదుటివాడు సంజాయిషీ ఇచ్చుకుంటాడు తప్ప మనసు విప్పడు. అందుకే ఇప్పుడు "మీరు బయల్దేరిన రోజు పొద్దున ఏం జరిగిందో చెప్పండి" అంటాను. బస్సు ఎక్కించడానికి ఎవరొచ్చారు, సంచిలో ఏం పెట్టుకున్నారు, ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు. జరిగింది చెబుతూ చెబుతూ మనిషి తన అర్థాన్ని తానే బయటికి తీస్తాడు.

ఈ పనికి ఒక పద్ధతి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జార్జ్ కెల్లీ అని ఒక అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త. 1930ల్లో, ఆర్థిక మాంద్యం ఒక పక్క, దుమ్ము తుఫాన్లు ఒక పక్క రైతుల్ని కుంగదీస్తున్న రోజుల్లో, కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరా తిరిగే క్లినిక్ నడిపినవాడు. 1955లో రెండు సంపుటాల పెద్ద పుస్తకం రాశాడు. ఆయన చెప్పిందాన్ని నాకు అర్థమైనట్టు చెబుతాను. ప్రతి మనిషీ తనకి తాను ఒక శాస్త్రవేత్త లాంటివాడు. లోకం ఇలా ఉంటుందని ఒక అంచనా కట్టుకుంటాడు, అనుభవంతో సరిచూసుకుంటాడు, అవసరమైతే మార్చుకుంటాడు. ఆ అంచనాలు కట్టుకోవడానికి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కొలబద్ద ఉంటుంది. దానికి రెండు కొసలుంటాయి. ఒక కొస మాత్రమే వింటే మనకి ఏమీ తెలియదు.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. ఇక్కడ ఒక ఇంట్లో పనిచేసే, కడప వైపు నుంచి వచ్చిన ఒక అమ్మని "ఎలా ఉందమ్మా ఇక్కడ?" అని అడిగితే "సుఖంగానే ఉంది సార్" అంది. ఇంతకు ముందైతే అది రాసుకుని వచ్చేసేవాణ్ణి. ఈసారి రెండో కొస అడిగాను. "సుఖంగా లేకపోవడమంటే ఎలా ఉంటుందమ్మా?" అన్నాను. కాసేపు ఆగి, "తలుపుకి లోపల గడియ లేకపోవడం సార్. ఈ ఇంట్లో నా రూముకి గడియ ఉంది" అంది. అదే ప్రశ్న గోదావరి జిల్లా డ్రైవరుని అడిగితే, "సుఖం లేకపోవడమంటే ఖాళీగా కూర్చోవడమండీ, డ్యూటీ లేకపోతే పిచ్చెక్కిపోద్ది" అన్నాడు. ఇద్దరూ చెప్పింది సుఖమే. ఒకరికి దాని ఎదురు మాట భయం, ఇంకొకరికి ఊరికే ఉండటం. నిఘంటువులో ఈ రెండూ దొరకవు.

కెల్లీ గారి రెండో ఉపాయం ఇంకా తేలిక. మూడింటిని పక్కపక్కన పెట్టడం. ముగ్గురు మనుషులు కావచ్చు, మూడు ఇళ్ళు కావచ్చు, మూడు ఉద్యోగాలు కావచ్చు. "ఈ మూడింటిలో ఏ రెండు ఒకేలా ఉంటాయి? మూడోది దేంట్లో వేరు?" ఇంతే ప్రశ్న. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. చదువు రాని మనిషి కూడా ఠక్కున చెప్పగలడు. కానీ ఆయన ఏ లెక్కన విడదీశాడో, అదే ఆయన కొలబద్ద.

ఆ తర్వాత మెట్లెక్కడం. కెల్లీ దగ్గర చదువుకున్న డెనిస్ హింకిల్ 1965లో తన పరిశోధనలో ఈ పద్ధతి చూపించాడు. ఎదుటి మనిషి ఒక మాట అన్నాక, "మీరు ఈ రెండింటిలో ఏ వైపు ఉండాలనుకుంటారు? అలా ఉంటే మీకు ఏం దక్కుతుంది?" అని మెల్లగా ఒక మెట్టు ఎక్కించాలి. వచ్చిన జవాబు మీద మళ్ళీ అదే అడగాలి. నాలుగైదు మెట్లు ఎక్కేసరికి మనిషి బతుకులో అన్నిటికన్నా పైన పెట్టుకున్నదేదో కనబడుతుంది. దీన్నే తర్వాతి రోజుల్లో వస్తువులు అమ్ముకునేవాళ్ళు కూడా వాడుకున్నారు, సబ్బు కొనేవాళ్ళ మనసులో ఏముందో తెలుసుకోవడానికి. అందుకే జాగ్రత్త కూడా చెప్పాలి. మెట్లు ఎక్కించడం అంటే తరమడం కాదు. చెప్పిందే మళ్ళీ చెప్పడం మొదలైతే, లేదా గొంతు మారితే, అక్కడ ఆగిపోవాలి. ఆగి, ఊరుకోవాలి. రేడియోవాళ్ళకి నిశ్శబ్దం అంటే భయం, నాకు తెలుసు. కానీ నా రికార్డింగుల్లో మంచి మాటలన్నీ నేను నోరు మూసుకున్న తర్వాతే వచ్చాయి.

పూర్తి జీవిత కథ అడిగేవాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది. డాన్ మెక్‌ఆడమ్స్ అనే ఆచార్యుడు, అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఆయనది, తన ఇంటర్వ్యూల్లో ముందుగా జీవితాన్ని ఒక పుస్తకం అనుకుని అధ్యాయాలుగా విడదీయమంటాడు. ఆ తర్వాత బాగా ఎత్తున ఉన్న ఘట్టం, బాగా కిందపడ్డ ఘట్టం, మలుపు తిరిగిన ఘట్టం చెప్పమంటాడు. మన పెద్దవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది. ఒకాయన నాతో "నాకు మూడే అధ్యాయాలు సార్, బావి ఎండకముందు, బావి ఎండినంక, పాస్‌పోర్ట్ వచ్చినంక" అన్నాడు. ఏ చరిత్ర పుస్తకం ఇంత చక్కగా చెబుతుంది?

ఇదంతా పరాయిదేశపు విద్య అనుకోకండి. మన తెలుగులోనే గొప్ప ఉదాహరణ ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి, వాళ్ళ జ్ఞాపకాలు వాళ్ళ మాటల్లోనే సేకరించి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం తెచ్చారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి వాళ్ళ గొంతులు అందులో ఉన్నాయి. ఆ పోరాటం మీద అప్పటికే పుస్తకాలున్నాయి. కానీ ఆ రోజులు ఆ ఆడవాళ్ళకి ఏమయ్యాయి, పోరాటం ఆగిపోయాక ఇంటికి తిరిగి రావడం వాళ్ళకి ఎలా అనిపించింది అన్నది వాళ్ళని కూర్చోబెట్టి అడిగితేనే తెలిసింది. అలాగే 2008లో అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో మొదలైన సంఘం రేడియో. పల్లె ఆడవాళ్ళే నడిపే రేడియో అది. పక్కింటి మనిషిని పక్కింటి మనిషే అడిగినప్పుడు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

ఖతార్ మీద కూడా అలాంటి పుస్తకం ఒకటి ఉంది. ఆండ్రూ గార్డ్‌నర్, ఆటమ్ వాట్స్ కలిసి 2012లో ఇంగ్లీషులో తెచ్చిన సంకలనం. ఇక్కడికి వలస వచ్చిన కార్మికుల కథలు అందులో ఉన్నాయి. 2022 ప్రపంచకప్పు పేరుతో లోకమంతా ఖతార్ కార్మికుల గురించి మాట్లాడింది. మాట్లాడాల్సిందే. అయితే ఆ మాటల్లో కార్మికుడు ఎక్కువగా ఒక అంకె అయిపోయాడు. నా ఉద్యోగంలో నేనూ రోజూ చేసేది అదే కదా, మనుషుల్ని రోజుకూలీల లెక్కలోకి మార్చడం.

సరే, మా బాపు దగ్గరికి వస్తాను. కోర్నిష్ దగ్గర ఓడిపోయిన వారం తర్వాత ఆయన్ని మ్షైరిబ్ మ్యూజియాలకి తీసుకెళ్ళాను. అక్కడ కంపెనీ హౌస్ అని ఒక పాత ఇల్లుంది. దుఖాన్ వైపు చమురు తవ్విన తొలి రోజుల్లో పనిచేసిన ఖతారీ కార్మికుల జీవితాలు అక్కడ చూపిస్తారు. బాపు ఒక్కో బొమ్మ ముందూ చాలాసేపు నిలబడ్డాడు. "వీళ్ళు గూడ కూలోళ్ళేనా?" అని అడిగాడు. అవునన్నాను. "మరి వీళ్ళ ముచ్చట అడిగి రాసుకున్నరన్నట్టు" అన్నాడు. ఆ మాటలో ఏదో ఉందని నాకు అనిపించింది గానీ, అప్పుడు ఏమీ అడగలేదు.

ఆ రాత్రి అన్నం తిన్నాక, రికార్డరు చూపించి, పెట్టనా అని అడిగాను. ఇది మరిచిపోకూడని మాట. ఇంట్లోవాళ్ళయినా అనుమతి అడగాలి. ఒకరి సొంత మాటల్ని వాళ్ళకి చెప్పకుండా రికార్డు చేయడం ఇక్కడ చట్టరీత్యా కూడా నేరం. క్యాంపుల్లో అయితే పేరు, కంపెనీ చెప్పించకూడదు, వద్దంటే వాళ్ళ ముందే చెరిపేయాలి. బాపు "పెట్టుకో" అన్నాడు.

మూడు అగ్గిపుల్లలు బల్ల మీద పెట్టాను. "బాపూ, ఇది ఊర్ల నీ దోస్తు. ఇది క్యాంపుల నీతోని ఉన్న మేస్త్రి. ఇది నేను. ఇందుల ఏ ఇద్దరు ఒక్క తీరు?" ఆయన ఆలోచించనే లేదు. నా పుల్లని పక్కకి జరిపాడు. "వాళ్ళిద్దరు ఒక్క తీరు. నువ్వు వేరే."

"ఎట్ల వేరే బాపూ?"

"వాళ్ళు అడిగి చేస్తరు. నువ్వు చేసి చెప్తవ్."

శ్రోతలారా, ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. వెంటనే వాదించాలనిపించింది. టికెట్ నేనే కొన్నాను, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ నేనే తీసుకున్నాను, ఇదంతా ప్రేమ కాదా అని. ఇంటర్వ్యూ చేసేవాడు తనని తాను సమర్థించుకోవడం మొదలుపెడితే ఇంటర్వ్యూ అక్కడే చచ్చిపోతుంది. ఎలాగో నోరు కట్టేసుకుని ఒక మెట్టు ఎక్కాను. "అడిగితే ఏమైతది బాపూ?"

"అడిగితే నన్ను లెక్క జేసినట్టు గదా."

"లెక్క జేస్తే?"

ఆయన చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత నేను ఎన్నడూ వినని కథ చెప్పాడు. గల్ఫ్ రాకముందు బోర్లు వేసి అప్పుల పాలైన రోజుల్లో, అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు పంచాయితీలో అందరినీ అడిగారట, ఆయన్ని తప్ప. అప్పులోడి మాటకి విలువేముంది అనుకున్నారట. రెండేళ్ళు దోహాలో పనిచేసి మొదటిసారి సెలవు మీద ఊరికి పోతే, చెల్లెలి పెళ్ళి మాటల్లో పెద్దమనిషి ఈయన వైపు తిరిగి, "మరి నువ్వేమంటవ్ రా?" అని అడిగాడట. "ఆ ఒక్క మాట కోసం ఇంకో పద్నాలుగేండ్లు చేసిన బిడ్డా" అన్నాడు.

విన్నదాన్ని మళ్ళీ మన మాటల్లో చెప్పి సరిగ్గా విన్నామా అని అడగడం చివరి మెట్టు. నేను చెప్పాను. "అంటే బాపూ, మా కోసం నువ్వు త్యాగం చేసినవ్." ఇరవై ఏళ్ళుగా నా మనసులో మోస్తున్న మాట అది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "త్యాగమెందుకైతది? మీకు పైసలు పంపిన, నిజమే. కానీ నాకు గూడ వచ్చిందిక్కడ. నాకు మాట వచ్చింది" అన్నాడు.

చూశారా? ఆయన పదహారేళ్ళకి నేను పెట్టుకున్న పేరు త్యాగం. ఆ పేరుకి ఎదురు కొసన నా అపరాధ భావం ఉంది. ఆయన పెట్టుకున్న పేరు లెక్క. దానికి ఎదురు కొసన ఆయన్ని అడగని ఆ పంచాయితీ ఉంది. మనం ప్రేమించే మనుషుల మీద మన అర్థాన్ని దుప్పటిలా కప్పేస్తాం. నేను నేర్చుకున్న పద్ధతులన్నీ ఆ దుప్పటి తీయడానికే పనికొచ్చాయి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. అప్పటికే నేనూ, హైదరాబాదులో ఉన్న మా చెల్లీ కలిసి ఒక నిర్ణయం చేసేశాం. ఊళ్ళో ఇల్లు అమ్మేసి, అమ్మనీ బాపునీ హైదరాబాదులో ఒక ఫ్లాటుకి మార్చాలని. కొనేవాళ్ళతో మాట్లాడటం కూడా అయింది. బాపు తిరుగు ప్రయాణం ముందు రోజు చెబుదాం అనుకున్నాం. చేసి చెబుదాం అనుకున్నాం. మా బతుకులో మేమే ఇంకో పంచాయితీ పెట్టి, మళ్ళీ ఆయన్ని అడగకుండా వదిలేయబోయాం.

ఆ రాత్రే చెల్లికి ఫోన్ చేశాను. కొనేవాళ్ళకి ఆగమని చెప్పాం. మర్నాడు చాయ్ తాగుతూ, "బాపూ, ఇంటి సంగతి నువ్వేమంటవ్?" అని అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఆలోచించి చెప్త" అన్నాడు. ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ప్రతి శుక్రవారం ఫోన్లో అడుగుతున్నాను. ప్రతిసారీ "ఇంకా ఆలోచిస్తాన్న" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఎంత హుందాతనం ఉంటుందో! తొందరేం లేదు బాపూ అని ఫోన్ పెట్టేస్తాను.

మీ ఇళ్ళకీ ఈ సెలవుల్లో పెద్దవాళ్ళు వస్తారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. "తాతయ్యా, మీ జీవితం గురించి చెప్పండి" అని అడగొద్దు, గాలి కొడుతోంది అంటారు. మూడు పేర్లు ఇవ్వండి, మూడు ఇళ్ళు ఇవ్వండి. ఏ రెండు ఒకేలా అని అడగండి. ఎదురు మాట అడగండి. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఆ తర్వాత ఊరుకోండి. మీకు నచ్చని జవాబు రావచ్చు. మీ పుల్లని పక్కకి జరపవచ్చు. వాదించకండి. చివర్లో మీరు విన్నది వాళ్ళకి చెప్పి, తప్పయితే దిద్దమనండి. రికార్డు చేస్తే దాన్ని రెండు చోట్ల దాచండి, పిల్లలకి అందకుండా. ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట.